గురువారం లేని వారం

తాళాల కొట్టు, మేడ మీద గది
శనివారం

అక్కకి,

నీ కూతురు ఉడత బాగుంది. నేను బాగున్నాను. దాని బడి సంగతులు వారం వారం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

సోమవారం: రెండో తరగతి వాళ్ళకి ఒత్తులున్న పదాలు ఇచ్చారు. ఇంట్లో రాయించి పంపమన్నారు. రాయించాను.

మంగళవారం: నీళ్ళలో తేలేది ఒకటి, మునిగేది ఒకటి తెమ్మన్నారట. ఆ మాట చెప్పులు వేసుకుంటూ చెప్పింది. తేలేదానికి సీసా బిరడా, మునిగేదానికి తాళంచెవి ఇచ్చాను. బిరడా తిరిగి వచ్చింది. తాళంచెవి రాలేదు. అది ఎదురింటి డాక్టరుగారి మందుల బీరువాది.

బుధవారం: ఈ బడిలో 'తెచ్చి చెప్పు' అని ఒక పీరియడ్ ఉంది. పిల్లలు ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి చెప్పాలి. ఉడత నాకు చెప్పకుండా కొట్టులోంచి ఒక తాళం పట్టుకెళ్ళింది. అది ఎలా పనిచేస్తుందో చూపించడానికి అందరి టిఫిన్ డబ్బాలూ ఉన్న బీరువాకి వేసి నొక్కింది. చెవి తీసుకెళ్ళలేదు. భోజనం గంట కొట్టాక నన్ను పిలిపించారు. వెళ్ళి తీశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కొట్టలేదు.

శుక్రవారం: వారం పరీక్ష. లెక్కల్లో బాగా చేసింది. కాగితం మీద నా సంతకం తీసుకుని వెళ్ళింది.

నీ ఉత్తరం అందింది. దానికి చదివి చెప్పాను.

తమ్ముడు


రేవు క్వార్టర్స్, వెనక వరస
మంగళవారం

ఒరేయ్ మౌనమునీ,

నీ ఉత్తరం చూసి మా రూమ్మేటు "ఎవరి దగ్గర్నుంచి, పోలీస్ స్టేషన్ నుంచా?" అంది. కన్నకూతురు గురించి రాయమంటే సరుకు లారీ గురించి రాసినట్టు రాశావు. వచ్చింది, వెళ్ళింది, సంతకం పెట్టాను! అది నన్ను తలుచుకుంటోందా? జడ ఎవరు వేస్తున్నారు? నువ్వు వేస్తే అది జడలా ఉంటోందా, గొలుసులా ఉంటోందా? డాక్టరుగారి తాళంచెవి నాకెందుకురా?

ఇక్కడ నా బతుకు కూడా రెండో తరగతే. క్రేన్ నేర్పే పెద్దాయన నా తండ్రి వయసు, నోరు మాత్రం రంపం. పైన సీట్లో కూర్చున్నాక కింద మనిషి మైకులో ఏం చెబితే అదే మాట తిరిగి పైకి అని, అప్పుడే చెయ్యి కదపాలి. 'నిదానంగా ఎడమకి' అంటే 'నిదానంగా ఎడమకి' అనాలి. నేను 'సరే' అన్నాను. దింపేశాడు. "నీ సరేలో ఎడమ ఎక్కడుందమ్మా?" అని అందరి ముందూ అడిగాడు.

ఇది ఉడతకి చదివి వినిపించు: బంగారూ, అమ్మ కూర్చునే చోటు ఎంత ఎత్తంటే కొంగలు నా కాళ్ళ కింద ఎగురుతాయి. మొదటి రోజు భయమేసి కళ్ళు మూసుకున్నాను. నీకు ఎక్కాలు రానప్పుడు ముక్కు ఎగబీలుస్తావే, అలా ఎగబీల్చాను. ఎవరికీ చెప్పకు. రాత్రి పడుకునేటప్పుడు నీ కాలు నా పొట్ట మీద లేక నాకు నిద్ర పట్టడం లేదు.

మీ అక్క


తాళాల కొట్టు, మేడ మీద గది
శనివారం

అక్కకి,

జడ నేనే వేస్తున్నాను. రెండు రోజులు గొలుసులా ఉంది. ఇప్పుడు జడలా ఉంది.

సోమవారం: మళ్ళీ పదాలు. రాసింది.

మంగళవారం: బడి ఆవరణలో ఆకులు ఏరి గరుకువి, నున్ననివి వేరు చేశారు. ఉడత ఒక ఆకుని మెడకి రాసుకుని చూసింది. మెడంతా దద్దుర్లు. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. మందు ఆ బీరువాలోనే ఉంది. బీరువా తాళం పగలగొట్టి మందు రాసి, ఆయనకి కొత్త తాళం బిగించి వచ్చాను.

బుధవారం: 'తెచ్చి చెప్పు'కి ఈసారి దువ్వెన ఇచ్చి పంపాను.

శుక్రవారం: వారం పరీక్ష. లెక్కలు బాగున్నాయి. బొమ్మలో ఏనుగుకి తాళం వేసింది. ఎందుకని అడిగితే "పారిపోకుండా" అందట.

నీ ఉత్తరం చదివి చెప్పాను. సంతోషించింది.

తమ్ముడు


రేవు క్వార్టర్స్, వెనక వరస
గురువారం

తమ్ముడూ,

ఇవాళ గురువారం. అందుకే గుర్తొచ్చింది. నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని చూశాను. సోమవారం ఉంది, మంగళవారం ఉంది, బుధవారం ఉంది, శుక్రవారం ఉంది. మీ ఊళ్ళో గురువారం రావడం మానేసిందా? కొట్టుకి ఎవరొచ్చారో, దీపం ఎప్పుడు ఆర్పావో కూడా రోజూ రాసుకునే మనిషివి. ప్రతి వారం ఒక రోజు ఎలా మర్చిపోతావు?

ఏమైంది గురువారం?

అక్క


తాళాల కొట్టు, మేడ మీద గది
సోమవారం

అక్కకి,

గురువారం పెద్దగా ఏమీ ఉండదు. చదువు పీరియడ్ ఉంటుంది. వానలు మొదలయ్యాయి. ఉడతకి కొత్త గొడుగు కొన్నాను. నువ్వు పైకి ఎక్కేటప్పుడు మెట్లు జారతాయి, చూసుకో.

తమ్ముడు


రేవు క్వార్టర్స్, వెనక వరస
శుక్రవారం

ఒరేయ్,

గొడుగు గురించి నేను అడగలేదు.

నువ్వు చెప్పింది ఎప్పుడూ అబద్ధం కాదు, ఆ సంగతి నాకు తెలుసు. నువ్వు వదిలేసిన దగ్గరే అసలు సంగతి ఉంటుంది. ఇంట్లో పాలు విరిగిపోతే "స్టవ్ బాగానే ఉంది" అనే రకం నువ్వు. అడిగీ అడిగీ నా తల ప్రాణం తోకకొస్తోంది. ఇక్కడ పైన కూర్చుని లోడు ఎత్తుతుంటే కూడా గురువారం, గురువారం అని బుర్రలో గుయ్యిమంటోంది. నిన్న ఇసుక గోతాలు వేరే ఓడ పక్కన దింపేశాను. పెద్దాయన నెత్తి మీద టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

వచ్చే టపాలో గురువారం సంగతి మొత్తం రాయి. ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టు రాయి. లేకపోతే ఈ సీటు దిగి బస్సెక్కుతాను. మధ్యలో దిగినవాళ్ళని మళ్ళీ ఎక్కించరని తెలిసే చెబుతున్నాను.

అక్క


తాళాల కొట్టు, మేడ మీద గది
ఆదివారం

అక్కకి,

బస్సెక్కవద్దు. రాస్తున్నాను.

గురువారం చదువు పీరియడ్. ఒక్కొక్కరూ నిలబడి పాఠం చదవాలి. ఉడత నిలబడుతుంది. పుస్తకం తెరుస్తుంది. కాసేపు చూస్తుంది. పుస్తకం మూసేస్తుంది. మూసేసి ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. బడి తెరిచిన దగ్గర్నుంచి ఇదే వరస. పాత బడిలో అందరూ కలిసి అరిచేవాళ్ళు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మొన్న గురువారం నన్ను పిలిచారు. వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ బల్ల నా మోకాళ్ళంత ఉంది. పాఠం ఒక ముసలమ్మ, ఆవిడ మేకపిల్ల గురించి. ఉడత చూసింది, మూసింది.

"మేక తప్పిపోయింది, దొరికింది," అంది. కూర్చోబోయింది.

"అలా కాదమ్మా, చదువు," అన్నారు టీచరమ్మ.

"చదివానండీ."

"ఎక్కడ చదివావు? నాకు వినపడలేదే!"

"చదివితే వినపడదు కదండీ."

పిల్లలు నవ్వారు. టీచరమ్మ ముందు బల్ల మీద కూర్చునే పిల్లని లేపి చదివించారు. ఆ పిల్ల గడగడా చదివింది. "చూశావా, ఇలా చదవాలి," అన్నారు.

ఉడత ఆ పిల్ల వైపు జాలిగా చూసింది. "తనకింకా రాలేదండీ. రానివాళ్ళే పైకి చదువుతారు. వచ్చినవాళ్ళు నోరు మూసుకుని చదువుతారు," అంది.

"అంటే నేను రోజూ మీకు పైకి చదువుతున్నాను. నాకూ రాదా?"

ఉడత కాసేపు ఆలోచించి, "మీకు వస్తుందిలెండి, కొంచెం," అంది.

తర్వాత టీచరమ్మ నన్ను వరండాలోకి పిలిచారు. పిల్లకి చదవడం రాదని, పక్కవాళ్ళు చదువుతుంటే విని, బొమ్మ చూసి, కల్పించి చెప్పేస్తోందని, పైగా పెడసరం మాటలని అన్నారు. తరగతిలో ఇంతమందిని పెట్టుకుని ఒక్కదాని వెంట పడలేనన్నారు. ఆవిడ కళ్ళ కింద నలుపు ఉంది. నెలాఖరు గురువారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చి వింటారు. అప్పుడూ ఇలాగే ఉంటే ఒకటో తరగతికి పంపేస్తారు.

ఇంటికొచ్చాక చదవమన్నాను. ఇంట్లోనూ అంతే. బజారులో బోర్డు చూపించి ఏముందని అడిగాను. "చెప్పులు అమ్ముతారట," అంది. దానికి చదవడం వచ్చో రాదో నాకూ తెలియడం లేదు. నీకు చెబితే దిగి వచ్చేస్తావని చెప్పలేదు.

తమ్ముడు


రేవు క్వార్టర్స్, వెనక వరస
బుధవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. మేక దగ్గర నవ్వొచ్చింది. ఒకటో తరగతి దగ్గర అన్నం సయించలేదు. చేయి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు ఒక్క మాట పట్టుకుంది నన్ను. 'వచ్చినవాళ్ళు నోరు మూసుకుని చదువుతారు.' ఇది దానికి ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదురా. చూసింది.

ఒక్క సంగతి అడుగుతాను, వంకర టింకరలు లేకుండా జవాబు చెప్పు. నా ఉత్తరాలు దానికి ఎలా చదువుతున్నావు? నేను నాలుగేసి పేజీలు రాస్తున్నాను. నువ్వేమో ముఖం మీద ఈగ వాలినా కదలకుండా మొత్తం చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "అమ్మ బాగుంది, అన్నం సరిగ్గా తినమంది" అంటున్నావు. అవునా, కాదా? నా కొంగలు ఏమయ్యాయి? నేను ముక్కు ఎగబీల్చింది ఏమైంది?

అది చదవడం నేర్చుకుంది నీ మొహం చూసిరా మొద్దూ! చూడాలి, మూయాలి, ముక్తసరిగా ఒక్క ముక్క చెప్పాలి. నా తప్పు లేదనను. నేను దానికి కథలు నోటితో చెప్పానే గానీ పుస్తకం పట్టుకుని చదివింది లేదు. పని నుంచి వచ్చేసరికి ఓపిక ఉండేది కాదు. కానీ నీకేం రోగం? అక్షరాలు తినేస్తావా?

లోపల ఇంకో కాగితం పెట్టాను. అది ఉడతకి. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి చూపిస్తూ, పైకి చదువు. ఒక్క మాట కూడా మింగడానికి వీల్లేదు. దానికి చెప్పాను, నువ్వు మింగితే పట్టుకోమని.

అప్పటికీ ఒకటో తరగతికి పంపితే నేను వచ్చేస్తాను. ఈ ఉద్యోగం కన్నా నాకు అదే ఎక్కువ. పెద్దాయనకి కూడా చెప్పాను. "నెలాఖరు శనివారం వరకు నీ సీటు ఎవరికీ ఇవ్వను, ఆ తర్వాత నా చేతిలో లేదు," అన్నాడు.

అక్క


తాళాల కొట్టు, మేడ మీద గది
శనివారం

అక్కకి,

అవును. నువ్వు అన్నట్టే చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుంటున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది తాళాల పెట్టెల మీద, రసీదుల మీద. పక్కన ఎవరూ లేరు. తప్పు చదివితే నవ్వుతారని పెదవి కదపకుండా నేర్చుకున్నాను. ఏ తరగతిలోనూ నిలబడలేదు. చదివేటప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో నాకే తెలియదు.

శుక్రవారం సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి మేడ మీదికి వచ్చాం. నీ కాగితం తీశాను. ఉడత పక్కన కూర్చుంది. "ఉడతా" అన్న మొదటి మాట చదివాను. ఆగిపోయాను. దగ్గొచ్చింది. నీళ్ళు తాగాను.

"చదివేశావా? ఏమంది?" అంది.

"ఇంకా లేదు. పైకి చదవమంది అమ్మ."

"నీకు వచ్చు కదా మామయ్యా, పైకెందుకు?" అని నా వంక అనుమానంగా చూసింది.

చదివాను. ఒక్కో మాటా గుమ్మం దగ్గర తట్టుకున్నట్టు తట్టుకుంటూ చదివాను. ఉడత మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. నువ్వు రాత్రిళ్ళు తలగడని పొట్ట మీద పెట్టుకుని అదే దాని కాలనుకుంటున్నావని రాసిన చోట నేను ఒక వరస దాటించాలని చూశాను. వేలు పెట్టి ఆపేసింది. "ఇక్కడ చాలా ఉంది, నువ్వు కొంచెమే చెప్పావు," అంది. అంటే దానికి చదవడం వచ్చు అక్కా. నాకన్నా ముందే ఆ వరస చూసేసింది.

అంతా అయ్యాక అడిగింది: "అమ్మ ప్రతిసారీ ఇంత మాట్లాడిందా?"

"ఊఁ."

"మరి అవన్నీ ఎక్కడ పెట్టావు?"

పాత ఉత్తరాలు తీసుకొచ్చాను. మొదటి నుంచీ చదవమంది. రెండో దాని సగానికి నా గొంతు బొంగురుపోయింది. కాగితం నా చేతిలోంచి లాక్కుంది. కొంగల దగ్గర్నుంచి అదే చదివింది, పైకి. నన్ను నువ్వు తిట్టిన చోట్ల మాత్రం రెండేసి సార్లు చదివింది.

ఇంట్లో చదివినంత మాత్రాన బడిలో చదువుతుందని నమ్మకం లేదు. ఇవాళ పొద్దున పాఠం చదవమంటే, "అమ్మ ఉత్తరం అంటే వేరు. పాఠం ఎవరిది? ఆ ముసలమ్మ నాకేం రాయలేదు కదా," అని పుస్తకం మూసేసింది. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

తమ్ముడు


రేవు క్వార్టర్స్, వెనక వరస
మంగళవారం

తమ్ముడూ,

'ఎక్కడ పెట్టావు' అన్న చోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. పైకే చదివాను.

నిన్ను మొద్దు అన్నాను. అది వెనక్కి తీసుకోను గానీ, బొంగురు గొంతుకి వేడినీళ్ళు తాగు.

ఉడతకి ఇది చదువు: బంగారూ, కొంగల సంగతి మామయ్య మింగేస్తే నీకు ఎలా ఉంది? పాఠంలో ముసలమ్మ ఆ మేక కోసం ఎక్కడెక్కడ వెతికిందో, ఎవరెవర్ని అడిగిందో చెప్పింది. నువ్వు 'తప్పిపోయింది, దొరికింది' అన్నావు. ఆవిడ మాటలన్నీ నువ్వు ఎక్కడ పెట్టావు?

గురువారం అవగానే రాయి. శనివారానికి నాకు అందాలి. టపా బండి తెల్లవారగానే వెళ్తుంది, ఆలస్యం చెయ్యకు.

అక్క


తాళాల కొట్టు, మేడ మీద గది
గురువారం సాయంత్రం

అక్కకి,

నీ ఉత్తరం నిన్న అందింది. ఒక్క మాటా మింగకుండా ఉడతకి చదివాను. ఈసారి గురువారం ఒక్కటే రాస్తున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ వేసుకుని తలుపు పక్కన కూర్చున్నారు. నేను వెనక బల్ల మీద. టీచరమ్మ ఉడతని లేపారు. పుస్తకం తెరిచింది. చూసింది. చాలాసేపు చూసింది. మూసేస్తుందనుకున్నాను. టీచరమ్మ కూడా అదే అనుకున్నట్టున్నారు, కళ్ళు కిటికీ వైపు తిప్పుకున్నారు.

ఉడత చదవడం మొదలుపెట్టింది. ముందు పేజీ నంబరు చదివింది. పాఠం పేరు చదివింది. ముసలమ్మ వాగు దగ్గర వెతికింది, పొలంలో వెతికింది, దారిన పోయేవాళ్ళని అడిగింది, అన్నీ చదివింది. మేక దొరికింది. పిల్లలు హమ్మయ్య అన్నారు. కానీ ఆగలేదు. కింద ఉన్న ప్రశ్నలు చదివింది. 'ఖాళీలు పూరించండి' చదివింది. ఖాళీల దగ్గర "ఖాళీ, ఖాళీ" అంది. 'ఉపాధ్యాయులకు సూచన' అని చిన్న అక్షరాల్లో ఉంటే అది కూడా చదవడం మొదలుపెట్టింది.

"చాలమ్మా, చాలు," అన్నారు టీచరమ్మ.

"ఇంకా ఉందండీ."

"అది నీకు కాదు, నాకు."

"మీకు చదివి పెడుతున్నాను," అని మొత్తం చదివేసింది. అందులో 'పిల్లలను తొందరపెట్టరాదు' అని ఉంది. హెడ్‌మిస్ట్రెస్ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వరండాలో టీచరమ్మ నాతో, "మొన్నటిదాకా నోరు విప్పించలేక చచ్చాను, ఇప్పుడు మూయించలేక చావాలి," అన్నారు. ఆ తర్వాత, "రాదనుకున్నాను. అడిగి ఉండాల్సింది," అన్నారు. ఉడత రెండో తరగతిలోనే ఉంటుంది. పేరు అక్కడే ఉంచమని హెడ్‌మిస్ట్రెస్ నా ఎదుటే చెప్పారు.

ఇంటికి వచ్చే దారిలో ప్రతి బోర్డూ చదివింది. మందుల షాపులో సీసా మీద మందు ఎవరు తాగకూడదో చదివింది. కొట్టుకి ఒకాయన చెడిపోయిన పెట్టె తెచ్చాడు. అందులో ఆయన భార్య రాసి పెట్టిన చీటీ ఉంటే దాన్నీ చదివేసింది. ఆయన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక ముందు ఈ కొట్టు ఎలా నడుస్తుందో తెలియదు.

కాబట్టి నువ్వు రావద్దు. పెద్దాయనకి చెప్పి సీటు నీకే ఉంచమను. కూర్చునే ముందు సీటు కింద తడి చూసుకో.

ఇక్కడితో ముగించి సంతకం పెట్టాను. కవరు అంటించబోతుంటే ఉడత లాక్కుని మొత్తం పైకి చదివింది. చదివి, "ఇంతేనా?" అంది.

"ఇంతే. ఏం తక్కువైంది?"

"అమ్మని రావద్దని రాశావు."

"అవును. రావద్దు కదా, మనం అనుకున్నాం కదా."

"రావాలని ఉందని ఎవరు రాస్తారు మరి?"

అలా రాస్తే నువ్వు దిగి వచ్చేస్తావని చెప్పాను. "రాదు. అమ్మకి మొత్తం చదవడం వచ్చు," అంది. కలం నా చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుంది. కదలడం లేదు.

రావద్దు. రావాలని ఉంది. దానికే కాదు.

రెండూ పైకి చదువుకో.

తమ్ముడు